తాతయ్య కేసు కట్టలో ముద్దాయి ఎవరు?

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీది ట్రంకు పెట్టె దించాం. పాత పట్టా పుస్తకాలు దొరుకుతాయేమో చూద్దామని. అవి దొరకలేదు గానీ, ఎర్ర గుడ్డలో చుట్టి తాడు కట్టిన ఒక కాగితాల కట్ట బయటపడింది. దాన్ని చూడగానే నాన్న ముఖం మారిపోయింది. "అది అక్కడ పెట్టెయ్, అదంతా అయిపోయిన గొడవ" అన్నాడు.

ఆ గొడవ మా ఇంట్లో అందరికీ తెలిసిందే. కాలవ గట్టు పక్కన మాకు ముప్పై సెంట్ల మాగాణి ఉండేది. తాతయ్య ఎవరి దగ్గరో మూడు వేలు అప్పు తెచ్చి తీర్చేశాడు. అయినా ఆయన కోర్టుకెళ్ళాడు. జడ్జికి డబ్బులిచ్చి కేసు గెలిచాడు. పొలం వేలం వేయించాడు. ఇదీ నేను చిన్నప్పట్నించీ విన్న కథ. "కోర్టుకెక్కిన వాడు బాగుపడడు" అని నానమ్మ ఈ కథ చివర ప్రతిసారీ అనేది.

రాత్రి అందరూ పడుకున్నాక కట్ట విప్పాను. నాకు కుతూహలం ఎక్కువ, పైగా పల్లెటూళ్ళో సిగ్నల్ తక్కువ :) మొదటి కాగితం మీద "ఓ.ఎస్. నెం." అని ఉంది. మనకి ఓఎస్ అంటే ఒకటే అర్థం కదా! ఇక్కడ ఒరిజినల్ సూట్ అట, అంటే మొదటిసారి వేసిన సివిల్ దావా. ఇంకో కాగితం మీద "ఐ.ఏ.", మరో దాని మీద "ఈ.పీ." అని ఉన్నాయి. తీర్పు నకలు అర పేజీ మాత్రమే ఉంది, అదీ ఇంగ్లీషులో. ముప్పై సెంట్లు పోగొట్టిన తీర్పు మా కోడ్ రివ్యూ కామెంట్లలో సగం కూడా లేదు. రెండుసార్లు చదివితే నాకొకటి అర్థమైంది. ఈ కుటుంబంలో ఇన్నేళ్ళలో ఆ అర పేజీ చదివిన మొదటివాణ్ణి నేనే. తాతయ్యకి ఇంగ్లీషు రాదు. నాన్న దాన్ని ముట్టుకోలేదు.

హైదరాబాద్ తిరిగొచ్చాక రెండు నెలలు ఇదే పని పెట్టుకున్నాను. మా రూమ్మేట్ వాళ్ళ బాబాయిగారు లాయరు. ఆయన్ని ఫోన్లో బాగా విసిగించాను. పుస్తకాలు తిరగేశాను. ఆ కట్టలో ఉన్నది అర్థం కావాలంటే ముందు ఆ కోర్టు ఎక్కణ్ణించి వచ్చిందో తెలియాలని తేలింది.

ముందు మాటలతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను తడబడింది అక్కడే.

కట్టలో తెలుగు కాగితాలు కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో తెలుగు మాటలు లెక్కపెడితే తక్కువే. దావా, వకీలు, వకాల్తా, వాయిదా, హాజరు, జప్తు, రద్దు, రాజీ, జామీను, దస్తావేజు, అమీనా, నాజరు... ఇవన్నీ పారసీ, అరబీ నుంచి వచ్చినవి. మున్సిఫ్ అనే మాటకీ, సినిమా హీరో అరిచే "ఇన్సాఫ్"కీ ధాతువు ఒకటే. వకీలు అంటే ప్రతినిధి. అమీన్ అంటే నమ్మకస్తుడు. ఫిర్యాదు అంటే మొదట్లో మొర, ఏడుపు. వాయిదా అనే మాటకి మూలార్థం "వాగ్దానం" అని తెలిసినప్పుడు మాత్రం నవ్వాగలేదు. కోర్టు మనకి ఎన్ని వాగ్దానాలు చేస్తుందో! మనం తిట్టుగా వాడే "బేవార్సు" కూడా కోర్టు మాటే. వారసులు లేని ఆస్తి అని అర్థం.

వీటన్నిటికన్నా విచిత్రమైంది ముద్దాయి. మనకి ముద్దాయి అంటే బోనులో నిలబడ్డవాడు. కానీ ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, అంటే వాది! దావా, ముద్దయీ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. ఎదుటి పక్షాన్ని వాళ్ళు ముద్దాలేహ్ అంటారు. తెలుగులోకి వచ్చి జనం నోళ్ళలో నలిగేసరికి, కోర్టుకి ఈడ్చినవాడి పేరు ఈడ్వబడినవాడికి అంటుకుంది. క్లయింటు, సర్వరు పేర్లు తారుమారు చేసి వందల ఏళ్ళు ప్రొడక్షన్లో నడిపేసినట్టు. కోర్టు అంటే తెలియని జనానికి అక్కడ నిలబడ్డ ప్రతివాడూ తప్పు చేసినవాడిలాగే కనిపించి ఉంటాడు. ఇది నా ఊహ మాత్రమే.

ఈ మాటల బాధ మనకొక్కళ్ళకే కాదు. సి.పి. బ్రౌన్ దొర ఉద్యోగం కలెక్టరు కచేరీల్లో, కోర్టుల్లోనే. రాజమండ్రి, మచిలీపట్నాల్లో పనిచేశాడు. ఆయన ప్రసిద్ధ నిఘంటువు మనందరికీ తెలుసు. అది కాక, ఇలాంటి కచేరీ మాటల కోసమే ఆయన విడిగా 1852లో జిల్లా నిఘంటువు, 1854లో మిశ్రభాషా నిఘంటువు వేశాడు. అంటే ఆ కాగితాల్లో తెలుగు చదవడానికి మామూలు తెలుగు నిఘంటువు సరిపోలేదన్నమాట.

ఇక కోర్టుల సంగతి.

సర్కారు జిల్లాలు గోల్కొండ నవాబుల కింద, తర్వాత మొగలుల కింద, ఆపైన నిజాం కింద ఉన్నాయి. 1766 ఒప్పందంతో కంపెనీ చేతికి వచ్చాయి. పాత పద్ధతిలో దివానీ అంటే సొమ్ము, భూమి తగాదాలు. ఫౌజుదారీ అంటే నేరాలు. కంపెనీ ఈ పేర్లని అలాగే ఉంచి కింద యంత్రాన్ని మార్చింది. బెంగాల్లో 1772లో వారెన్ హేస్టింగ్స్ జిల్లాకో దివానీ అదాలత్, ఫౌజుదారీ అదాలత్ పెట్టాడు. 1793లో కారన్ వాలిస్ పన్ను వసూలు చేసే కలెక్టరునీ, తీర్పు చెప్పే జడ్జినీ వేరు చేశాడు. అదే పద్ధతి 1802లో మద్రాసు రాజధానికి వచ్చింది. జిల్లా కోర్టులు, వాటి మీద మచిలీపట్నం, చిత్తూరు వంటి చోట్ల ప్రొవిన్షియల్ కోర్టులు, అన్నిటి మీదా మద్రాసులో సదర్ అదాలత్. శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది కూడా ఆ ఏడాదే. జమీందారుకి భూమి మీద హక్కు రాసిచ్చాక ఆ హక్కు కాపాడే కోర్టు కావాలి కదా.

పధ్నాలుగేళ్ళకే ఇది తట్టుకోలేకపోయింది. కోర్టులు కొన్ని, కేసులు కుప్పలు, జడ్జికి భాష రాదు. అప్పుడు వచ్చాడు థామస్ మన్రో. రాయలసీమలో కలెక్టరుగా ఊరూరా గుర్రం మీద తిరిగినవాడు. ఆయన వాదన చాలా సాదాగా ఉంటుంది. ఊళ్ళో తగాదా ఊళ్ళోనే తేలాలి, దానికి ఊరి పెద్దకి అధికారం ఇవ్వాలి. 1816 రెగ్యులేషన్లతో గ్రామ మునసబు, గ్రామ పంచాయితీ, వాళ్ళ మీద జిల్లా మున్సిఫ్ చట్టబద్ధంగా వచ్చారు. గ్రామ మునసబు పది రూపాయల లోపు దావాలు వినొచ్చు. మున్సిఫ్ అంటే దేశీయుడైన జడ్జి, తెలుగు వచ్చినవాడు.

మన్రో మంచివాడనే మన ప్రాంతంలో పేరు. ఆ పేరుకి నేను అడ్డు చెప్పను. కానీ ఊరిపెద్ద అంటే ఎవరు? ఊళ్ళో భూమి, పలుకుబడి ఉన్నవాడే కదా. అతని మీదే ఫిర్యాదు ఉన్నవాడు ఎక్కడికెళ్ళాలి? ఆ గ్రామ మునసబు కాలక్రమంలో తీర్పులు చెప్పేవాడిగా కన్నా శిస్తు, పోలీసు పనులు చూసే మనిషిగానే మిగిలాడు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పోస్టులు రద్దు చేసేదాకా ఆ పేరు బతికే ఉంది. జిల్లా మున్సిఫ్ మాత్రం నిలబడ్డాడు. తాతయ్య కేసు నడిచింది ఆ మున్సిఫ్ కోర్టులోనే. ఇప్పుడు ఆ బోర్డు మీద జూనియర్ సివిల్ జడ్జి అని ఉంటుంది.

మద్రాసు పట్నంలో 1801 నుంచి సుప్రీం కోర్టు అని ఇంకోటి ఉండేది. అది ఇంగ్లీషు చట్టం, ఇంగ్లీషు లాయర్లతో నడిచే రాజుగారి కోర్టు. సదర్ అదాలత్ కంపెనీ కోర్టు. ఒకే ఊళ్ళో రెండు పై కోర్టులు, రెండు రకాల చట్టాలు. 1861 చట్టం ప్రకారం 1862లో ఈ రెంటినీ కలిపేసి మద్రాసు హైకోర్టు చేశారు. అదే రోజుల్లో చట్టాలూ అచ్చయ్యాయి. 1859లో మొదటి సివిల్ ప్రొసీజర్ కోడ్, 1860లో శిక్షా స్మృతి, 1872లో సాక్ష్య చట్టం. వీటిలో శిక్షా స్మృతి, సాక్ష్య చట్టం 2024 జులై 1 దాకా నడిచి, ఆ రోజు నుంచి భారతీయ న్యాయ సంహితకీ, భారతీయ సాక్ష్య అధినియమ్‌కీ చోటిచ్చాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ మాత్రం 1908లో తిరగరాసిందే ఈనాటికీ సవరణలతో నడుస్తోంది. నూరేళ్ళు దాటిన కోడ్ బేస్ అంటే చూసుకోండి.

మూసీ ఇవతల కథ వేరు. నిజాం రాజ్యంలో సాలార్‌జంగ్ సంస్కరణలతో కోర్టులు ఒక పద్ధతికి వచ్చాయి. కచేరీ భాష మొదట పారసీ, 1880ల నుంచి ఉర్దూ. మూసీ ఒడ్డున మనం రోజూ చూసే ఎర్ర రాతి హైకోర్టు భవనం విన్సెంట్ ఎష్ గీసిన నమూనా, 1920లో మొదలైంది. ఉస్మానియాలో అన్ని చదువులూ ఉర్దూలో పెట్టి, దానికోసం తర్జుమా శాఖ నడిపారు. నిజం చెప్పాలంటే నాకు ఇందులో ఒక రకమైన మెప్పు ఉంది. చట్టం, ఇంజనీరింగు ఒక దేశభాషలో చెప్పొచ్చని చేసి చూపించారు వాళ్ళు. కానీ అది ఆ రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడే భాష కాదు. తెలుగు రైతు తన పొలం కేసు ఉర్దూలో ఓడిపోయేవాడు. 1921లో హైదరాబాదులో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే జనం గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టిందని చరిత్ర. ఆయన వృత్తి వకీలు అన్నది నాకు ముఖ్యంగా తోచింది. 1948 పోలీసు చర్య తర్వాత అక్కడి పై కోర్టు కూడా ఇంగ్లీషులోకి మారింది. రైతుకి మాత్రం పెద్ద తేడా రాలేదు. అర్థం కాని భాష ఒకటి పోయి ఇంకోటి వచ్చింది.

హైకోర్టు ఎక్కడ ఉండాలన్నది మనకి ఎప్పుడూ రాజకీయమే. 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ రాజధాని ఒక ప్రాంతానికి, హైకోర్టు ఇంకో ప్రాంతానికి అన్న బేరం ఉంది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1954లో గుంటూరులో హైకోర్టు పెట్టారు. కోకా సుబ్బారావు గారు మొదటి ప్రధాన న్యాయమూర్తి. ఆయనే తర్వాత దేశానికీ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే గుంటూరు కోర్టు సామాను సర్దుకుని హైదరాబాద్ వచ్చేసింది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినా, హైకోర్టు ఇంకో నాలుగున్నరేళ్ళు ఉమ్మడిగానే ఉంది. 2019 జనవరి 1న అమరావతిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాత భవనంలో తెలంగాణ హైకోర్టు విడివిడిగా మొదలయ్యాయి.

కింది కోర్టుల నిచ్చెన మాత్రం రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. సివిల్ వైపు జూనియర్ సివిల్ జడ్జి (పాత మున్సిఫ్), సీనియర్ సివిల్ జడ్జి (పాత సబ్ జడ్జి), జిల్లా జడ్జి, హైకోర్టు. దావా విలువని బట్టి ఏ మెట్టు మీద మొదలవ్వాలో తేలుతుంది. క్రిమినల్ వైపు మెజిస్ట్రేటు, సెషన్స్ జడ్జి, హైకోర్టు. చాలా ఊళ్ళలో మనిషి ఒకడే, టోపీలు రెండు. జూనియర్ సివిల్ జడ్జే ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు. జిల్లా జడ్జే సెషన్స్ జడ్జి. కారన్ వాలిస్ వేరు చేద్దామనుకున్న కలెక్టరు, జడ్జి వ్యవహారం నేరాల విషయంలో పూర్తిగా తెగడానికి చాలా కాలం పట్టింది. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాకే నేర విచారణ చేసే మెజిస్ట్రేట్లు దాదాపు దేశమంతటా హైకోర్టు కిందికి వచ్చారు. తహసీల్దారుకి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు అనే పేరు ఇప్పటికీ ఉంది, కానీ ఆయన శిక్షలు వేసే జడ్జి కాదు.

అప్పీలు గురించి మనాళ్ళకి ఒక పెద్ద అపోహ. కింద ఓడిపోతే పైన మళ్ళీ మొదటి నుంచి వాదించొచ్చు అనుకుంటారు. మొదటి అప్పీలులో సాక్ష్యం, చట్టం రెండూ మళ్ళీ తూకం వేస్తారు, అదీ సాధారణంగా కింద రికార్డైన దాని మీదే. రెండో అప్పీలు హైకోర్టుకి వెళ్తుంది. అక్కడ ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉంటేనే వింటారు. ఎవడు అప్పు తీర్చాడు, ఎవడు తీర్చలేదు అన్నది మామూలుగా అక్కడ మళ్ళీ తవ్వరు. అంటే కేసుకి ప్రాణం కింద కోర్టులోనే ఉంది. మనం పేపర్లలో చదివేది మాత్రం పై కోర్టుల గురించే.

ఈ నిచ్చెన మొదటి మెట్టు నుంచి చివరిదాకా ఎక్కిన కేసు ఒకటి చెప్తాను. దేశంలో లా చదివే ప్రతివాళ్ళూ చదివే కేసు ఇది, పేరు పాకాల నారాయణస్వామి కేసు. పిఠాపురం దివాన్ దగ్గర నౌకరుగా పనిచేసిన కూరి నూకరాజు అనే ఆయన, ఆ దివాన్ కూతురికి 1936లో మూడు వేల రూపాయలు వడ్డీకి ఇచ్చాడు (మా తాతయ్య అప్పూ మూడు వేలే, యాభై ఏళ్ళ తేడా). ఆమె భర్త నారాయణస్వామి, వాళ్ళు ఉండేది బరంపురంలో. 1937 మార్చిలో నూకరాజుకి ఉత్తరం వచ్చింది. అది చూపించి భార్యతో, బాకీ తీసుకోవడానికి బరంపురం వెళ్తున్నానని చెప్పి రైలెక్కాడు. మార్చి 23న పూరీ స్టేషన్లో మూడో తరగతి పెట్టెలో దిక్కులేకుండా పడి ఉన్న ఇనప ట్రంకులో శవం ముక్కలుగా దొరికింది.

బరంపురం సెషన్స్ కోర్టు నారాయణస్వామికి ఉరిశిక్ష వేసింది. అప్పీలు మద్రాసుకి వెళ్ళలేదు, పాట్నాకి వెళ్ళింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమై బరంపురం అందులోకి వెళ్ళిపోయింది. ఒరిస్సాకి అప్పట్లో పాట్నాయే హైకోర్టు. హద్దు గీత జరిగితే మన కోర్టూ జరుగుతుంది. ఇది 2014 తర్వాత మనకి కొత్తగా తెలిసిన సంగతేం కాదు. పాట్నా కొట్టేశాక కేసు లండన్ ప్రీవీ కౌన్సిల్‌కి వెళ్ళింది. 1949లో ఆ అధికారం తీసేసేదాకా మనకి ఆఖరి మెట్టు అదే. 1939 జనవరిలో అక్కడా అప్పీలు కొట్టేశారు. కానీ కొట్టేస్తూ లార్డ్ అట్కిన్ రెండు మూడు సంగతులు తేల్చాడు. అరెస్టుకి ముందైనా సరే, దర్యాప్తులో పోలీసుకి నిందితుడు చెప్పిన మాట సాక్ష్యంగా చెల్లదు. నేరం ఒప్పుకోలు అంటే నేరాన్నో, దానికి సరిపడే వాస్తవాలన్నిటినో ఒప్పుకోవడం, ఏదో ఒక ముక్క ఒప్పుకుంటే సరిపోదు. ఇక మూడోది నాకు బాగా గుర్తుండిపోయింది. చనిపోయిన మనిషి బయల్దేరేముందు భార్యతో అన్న మాట సాక్ష్యమే, ఎందుకంటే అది అతని చావుకి దారితీసిన పరిస్థితుల్లో భాగం.

పిఠాపురంలో ఒక ఇల్లాలు తన భర్త తనతో ఏమన్నాడో చెప్పింది. ఆ మాట బరంపురం, పాట్నా దాటి లండన్ దాకా వెళ్ళి నిలబడింది. ఎవరో ఆమెని అడిగారు, రాసుకున్నారు, కాబట్టి నిలబడింది. నూకరాజు అప్పు తీసుకోవడానికి వెళ్ళినట్టే, తాతయ్య అప్పు తీర్చిన రోజు నానమ్మ పక్కనే ఉందట. డబ్బు కొంగున కట్టుకుని తెచ్చింది ఆవిడే. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ అర పేజీలో ఉంది.

కథ ఇలా జరిగింది. 1984లో తాతయ్య మూడు వేలకి ప్రామిసరీ నోటు రాసిచ్చాడు. మర్నాడు సంవత్సరం పంట డబ్బుతో తీర్చేశాడు. నోటు వెనక చెల్లు రాయించుకోలేదు, నోటు వెనక్కి తీసుకోలేదు. "పెట్టెలో ఎక్కడో ఉంది, తర్వాత చింపేస్తాలే" అన్నాడట ఆయన. తర్వాత ఇద్దరికీ కాలవ నీళ్ళ దగ్గర మాటా మాటా పెరిగింది. ప్రామిసరీ నోటుకి మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, అంటే ఇక దావా చెల్లదు. సరిగ్గా ఆ మూడేళ్ళు నిండడానికి కొన్ని రోజుల ముందు, 1987లో దావా పడింది.

దావా పడగానే కోర్టు ప్రతివాదికి సమన్లు పంపుతుంది. నీ మీద ఫలానా దావా ఉంది, ఫలానా తేదీన వచ్చి జవాబు చెప్పుకో అని. తీసుకొచ్చేది అమీనా. మొదటిసారి వచ్చినప్పుడు తాతయ్య పొలంలో ఉన్నాడు. నానమ్మ "మగాళ్ళు లేరు" అని తలుపేసుకుంది. 1908 కోడ్ ప్రకారం ఇంట్లో పెద్దవాళ్ళకి సమన్లు ఇవ్వాలంటే మగవాళ్ళకే ఇవ్వాలి, ఆడవాళ్ళకి ఇస్తే చెల్లదు. 1976 సవరణలో ఆడైనా మగైనా సరే అని మార్చారు. నానమ్మకి తెలియకుండానే చట్టం ఆవిణ్ణి మనిషిగా గుర్తించిందన్నమాట, పదేళ్ళ క్రితమే. రెండోసారి తాతయ్య ఇంట్లోనే ఉన్నాడు. "నేను తీసుకోను, సంతకం పెట్టను, పెడితే ఒప్పుకున్నట్టే" అన్నాడు. నాన్నకి అప్పుడు పన్నెండేళ్ళు, ఆ మాట ఆయనకి బాగా గుర్తు. ధైర్యంగా మాట్లాడాడని ఊళ్ళో మెచ్చుకున్నారట కూడా.

చట్టంలో దాని అర్థం తలకిందులు. సమన్లు తీసుకోకపోతే అమీనా ఒక ప్రతి తలుపుకి అంటించి, అలా చేశానని కోర్టుకి రాసిస్తాడు. సమన్లు అందినట్టే లెక్క. తేదీ నాడు పేరు మూడుసార్లు పిలుస్తారు. రాకపోతే ఎక్స్‌పార్టీ, అంటే ఏకపక్షం. వాది తన నోటు చూపించాడు, సంతకం ఉంది, చెల్లు లేదు. జడ్జి ముందు రెండో కథ లేనే లేదు. అర పేజీ తీర్పులో అంతకన్నా రాయడానికేముంది? ప్రతివాదికి సమన్లు అందినవి, పిలిచినా హాజరు కాలేదు, వాది సాక్ష్యంతో దావా రుజువైంది, ఖర్చులతో సహా డిక్రీ. అంతే.

తీర్పు, డిక్రీ ఒకటి కావని కూడా నాకు అప్పుడే తెలిసింది. తీర్పు అంటే కారణాలు. డిక్రీ అంటే ఆఖరికి ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్న ఉత్తర్వు. డిక్రీ వచ్చినంత మాత్రాన డబ్బు రాదు. దాన్ని అమలు చేయమని మళ్ళీ పిటిషన్ వేయాలి. అదే కట్టలో నేను చూసిన ఈ.పీ., ఎగ్జిక్యూషన్ పిటిషన్. దానికి డిక్రీ వచ్చాక పన్నెండేళ్ళు గడువుంది. మన దేశంలో కేసు గెలిచినవాడి కష్టాలు డిక్రీ వచ్చాకే మొదలవుతాయని 1872లోనే ప్రీవీ కౌన్సిల్ వ్యాఖ్యానించింది. మా విషయంలో వాదికి అంత కష్టం కాలేదు. పొలం జప్తు చేశారు. పొలం దగ్గర టముకు వేయించి చెప్పాలని కోడ్‌లోనే ఉంది, వేయించారు. తర్వాత వేలం.

ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు చేయమని ముప్పై రోజుల్లో అడగొచ్చు. సమన్లు సరిగ్గా అందకపోతే, తెలిసిన రోజు నుంచి ముప్పై. ఆలస్యమైతే మన్నించమనీ అడగొచ్చు, కారణం చూపించాలి. "నేనే తీసుకోనన్నాను" అన్నది కారణం కాదు. వేలం అయ్యాక కూడా గడువులోగా డబ్బు కట్టి పొలం విడిపించుకునే దారి ఉంది. తాతయ్య లాయరు దగ్గరికి వెళ్ళి నకళ్ళు తీయించింది అన్ని గడువులూ దాటాక. సమన్లు తీసుకుని, ఆ తేదీకి వెళ్ళి, అప్పు తీర్చానని జవాబు వేసి, నానమ్మని బోనెక్కిస్తే గెలిచేవాడా? చెప్పలేను. చెల్లు లేని నోటు కష్టమే. కానీ కనీసం ఇంకో కథ ఆ రికార్డులో ఉండేది.

అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి ఊళ్ళో పొలమో ఇల్లో ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక్క మాట. సమన్లు మీ ఊరి ఇంటికి వస్తాయి, అమ్మానాన్నలు భయపడి వెనక్కి పంపేస్తారు. పంపొద్దని ముందే చెప్పండి. ఇప్పుడు ఈ-కోర్ట్స్ సైటులో పదహారు అక్షరాల సీఎన్నార్ నంబరు కొడితే కేసు ఏ వాయిదాలో ఉందో కనబడుతుంది. పార్టీ పేరుతోనూ వెతకొచ్చు. నేను మా ఇంటిపేరు కొట్టి చూశాను, దేవుడి దయవల్ల ఏమీ లేదు.

భాష సంగతి ఇంకా తెమలలేదు. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీం కోర్టు, హైకోర్టుల భాష ఇంగ్లీషు. కింది కోర్టుల భాష రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించొచ్చు. అయినా తాతయ్య తీర్పు ఇంగ్లీషులోనే వచ్చింది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పిచ్చిందని వార్త వస్తే మా ఆఫీసు గ్రూపులో అందరం చప్పట్ల బొమ్మలు పెట్టాం. రాష్ట్రాలు ఏర్పడి అన్నేళ్ళయ్యాక అది వార్త కావడం నాకు అప్పుడు తట్టలేదు.

ఉగాదికి మళ్ళీ ఊరెళ్ళాను. నాన్నని కూర్చోబెట్టి ఆ అర పేజీ తెలుగులో చదివి వినిపించాను. జడ్జికి డబ్బులిచ్చారనడానికి ఇందులో ఏమీ లేదు నాన్నా, అసలు ఆయనకి మన మాట వినిపించనే లేదు అన్నాను. నాన్న చాలాసేపు ఏమీ అనలేదు. "అమీనా వచ్చినప్పుడు తలుపు సందులోంచి చూస్తున్నాన్రా నేను. ఆ కాగితం అంటించి వెళ్ళాక తాతయ్య పీకి పొయ్యిలో పెట్టాడు. నేనే అగ్గిపెట్టె ఇచ్చాను" అన్నాడు.

కట్టని మళ్ళీ ఎర్రగుడ్డలో చుట్టి అటక మీద పెట్టలేదు. నాన్న దాన్ని తన బీరువాలో పెట్టుకున్నాడు.